లిమా నుంచి సాల్టా దాకా ఒక్కడినే, అంతా రోడ్డు మీదే

దక్షిణ అమెరికాని ఫ్లైట్ ఎక్కకుండా దాటాలి, ఖర్చు తక్కువలో అవ్వాలి, తోడు ఎవరూ ఉండరు అని డిసైడ్ అయ్యాక నేను మొదట చేసిన పని మ్యాప్ మీద గీత గీసుకోవడం. పెరూలో లిమా, కుస్కో, బొలీవియాలో లా పాజ్, ఉయుని, అక్కడ్నుంచి చిలీలోకి దిగి అర్జెంటీనాలో సాల్టా. గీత బానే వచ్చింది కానీ అందులో ఎత్తు కనపడదు కదా. లిమా సముద్రం ఒడ్డున ఉంది, కుస్కో 3,400 మీటర్ల మీద ఉంది, డైరెక్ట్ బస్సు 20 గంటల పైనే పడుతుంది, నేను అదే ఎక్కేసా. దిగాక రెండు రోజులు తలనొప్పి, వాంతులు, మెట్లు ఎక్కితే ఆయాసం, ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుని అక్కడ సోరోచే అంటారు. పక్కన మనిషి లేనప్పుడు మంచినీళ్ళ బాటిల్ తెచ్చుకోవడం కూడా పెద్ద పనే, డార్మ్‌లో పక్క బెడ్ కుర్రాడు కోకా టీ తెచ్చి పెట్టాడు, అది మర్చిపోలేను.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు పెరూలోనే ఉన్న అరెకీపా వెళ్ళమంటాను. అది 2,335 మీటర్లు, అక్కడ మూడు రోజులు ఉంటే ఒంటికి కాస్త అలవాటవుతుంది, తెల్లరాయితో కట్టిన ఊరు, ఎదురుగా మిస్తి అగ్నిపర్వతం, ఊరికే తిరిగినా బాగుంటుంది. తర్వాత కుస్కో, తర్వాత టిటికాకా సరస్సు 3,812, ఇలా మెల్లగా పైకి వెళ్ళాలి. ఎత్తు మాత్రల సంగతి బయల్దేరకముందే డాక్టర్‌ని అడగండి, అక్కడికెళ్ళాక ఫార్మసీలో చేతులతో సైగలు చేసి కొనుక్కునే పని పెట్టుకోవద్దు.

బస్సుల విషయానికొస్తే పెరూలో పెద్ద కంపెనీల సర్వీస్ నిజంగా బాగుంది. సీటు 140 డిగ్రీలు వాలేది, 160 వాలేది అని రెండు రకాలు, రాత్రి ప్రయాణం అయితే 160దే తీసుకోండి, ఆ రాత్రి హాస్టల్ డబ్బులు మిగులుతాయి కాబట్టి తేడా పెద్దగా అనిపించదు. లిమాలో అన్ని బస్సులూ ఒకే చోట నుంచి బయల్దేరవు, చాలా కంపెనీలకి ఎవరి టెర్మినల్ వాళ్ళదే, టికెట్ మీద అడ్రస్ చూసుకోవాలి. చాలా ఊళ్ళలో టికెట్ కాకుండా టెర్మినల్ ఫీజు విడిగా కట్టాలి, చిల్లర ఉంచుకోండి. బొలీవియాలో టికెట్ చవక కానీ నేను ఎక్కిన రాత్రి బస్సులో హీటర్ లేదు, టాయిలెట్‌కి తాళం, బయట గడ్డకట్టే చలి. ఇంకో బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకున్న చిన్న బ్యాగ్‌ని వెనక సీటు వైపు నుంచి లాగేశారు, నిద్రలో తెలీలేదు. పాస్‌పోర్ట్, కార్డులు ఒంటి మీదే ఉన్నాయి కాబట్టి ట్రిప్ ఆగలేదు. బ్యాగ్ పట్టీ కాలికి చుట్టుకుని పడుకోండి, పైన ర్యాక్‌లో మాత్రం అస్సలు వద్దు.

కొండ మీది ఇంకాల పాత నగరం మచు పిచ్చుకి ట్రైన్ రేటు చూస్తే గుండె ఆగుతుంది. నేను కుస్కో నుంచి వ్యాన్‌లో ఇద్రోఎలెక్ట్రికా అనే జలవిద్యుత్ కేంద్రం దాకా వెళ్ళా, ఆరేడు గంటలు, లోయ అంచున రోడ్డు, అక్కడ్నుంచి రైలు పట్టాల పక్కన 10 కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే మచు పిచ్చు కింద ఉన్న ఊరు అగ్వాస్ కాలియెంటెస్ వస్తుంది. నడక చదునుగానే ఉంటుంది, ఒంటరిగా ఉన్నా భయం వెయ్యలేదు, పగలంతా ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. వర్షాకాలంలో కొండచరియలు పడతాయి కాబట్టి అప్పుడు మాత్రం ట్రైనే మేలు. లోపలికి టికెట్ టైమ్ ప్రకారం, సర్క్యూట్ (లోపల నడిచే దారి) ప్రకారం ఇస్తారు, ముందే కొనుక్కోండి, పాస్‌పోర్ట్ చూస్తారు.

టిటికాకా ఒడ్డున పెరూ వైపు ఉన్న పునో నుంచి బొలీవియా వైపు ఉన్న కోపకబానాకి బోర్డర్ దాటడం సులువే, కాకపోతే బొలీవియా టైమ్ ఒక గంట ముందుంటుంది, కనెక్షన్ బస్సు ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత అదే సరస్సులో టికినా జలసంధి దగ్గర అందర్నీ దింపేసి చిన్న పడవలో పంపిస్తారు, బస్సు విడిగా ఒక బల్లకట్టు మీద ఊగుతూ వస్తుంది, మన లగేజ్ అందులోనే ఉంటుంది, చూస్తూ నిలబడాలి అంతే. లా పాజ్ నాకు అన్నిటికన్నా నచ్చిన ఊరు. 2014 నుంచి అక్కడ రోప్‌వేనే సిటీ బస్సులా వాడుతున్నారు, నేను ఎక్కినప్పుడు ఒక లైన్‌కి 3 బొలివియానోలు, సాయంత్రం పైనున్న ఎల్ ఆల్టో ఊరి నుంచి కిందకి దిగుతుంటే లోయ నిండా దీపాలు, ఏ టూర్ డబ్బులు పెట్టినా అంత బాగా చూపించరు. ఈ దేశంలో రోడ్లు దిగ్బంధం చేయడం మామూలే, బ్లోకియో అంటారు, నాకు రెండు రోజులు పోయాయి. చేతిలో రెండుమూడు ఖాళీ రోజులు లేకుండా బొలీవియా ప్లాన్ చేయొద్దు.

ఒక్కడినే వెళ్తే ఖర్చు ఎక్కడ పెరుగుతుందో బొలీవియాలోనే అర్థమైంది. డార్మ్ బెడ్, బస్సు సీటు, మధ్యాహ్నం మెను డెల్ దియా భోజనం, ఇవన్నీ మనిషికి ఇంత అనే లెక్క, వీటిలో నష్టం లేదు. సింగిల్ రూమ్, టాక్సీ, ప్రైవేట్ టూర్, ఇవి తీసుకున్నామంటే ఇద్దరి ఖర్చు ఒక్కరి మీద పడుతుంది. కానీ ఉయుని ఉప్పు ఎడారి టూర్‌లో ఒంటరిగా ఉండటమే లాభం, జీపులో ఐదారుగురు పట్టాలి, ఐదు సీట్లు నిండి ఆరోది ఖాళీ ఉంటే ముందురోజు సాయంత్రం వెళ్ళిన మనిషికి రేటు తగ్గిస్తారు. నాకూ తగ్గించారు. రేటు ఒక్కటే చూడొద్దు, స్లీపింగ్ బ్యాగ్ ఇస్తారా, జీపులో ఆక్సిజన్ ఉందా, డ్రైవర్ మందు తాగడు కదా అని మొహమాటం లేకుండా అడగండి. మూడు రోజుల టూర్ అయితే, కావాలంటే చివర్లో చిలీ బోర్డర్ దగ్గర దింపుతారు.

ఆ ఉప్పు నేల 10 వేల చదరపు కిలోమీటర్ల పైనే, మొదటి రాత్రి ఉప్పు దిమ్మెలతో కట్టిన లాడ్జి, వేడినీళ్ళు వచ్చాయి, హాయిగా ఉంది. రెండో రాత్రి లగూనా కొలరాడా అనే ఎర్ర సరస్సు దగ్గర, ఒకే గదిలో ఆరు మంచాలు, హీటర్ లేదు, నీళ్ళ పైపు గడ్డకట్టింది, ఉన్న బట్టలన్నీ వేసుకుని పడుకున్నా. తెల్లారకముందే లేపి 4,800 మీటర్ల పైన వేడి బురద ఉడుకుతున్న గుంటల దగ్గరికి తీసుకెళ్తారు, ఆ పొగలో సూర్యోదయం చూశాక రాత్రి చలి గుర్తు రాలేదు. ఆ సరస్సు ఉన్న ప్రకృతి రిజర్వ్ ఎంట్రీ, ఉప్పు నేల మధ్య ఉన్న ఇంకావాసి దీవి ఎంట్రీ టూర్‌లో కలపరు, బొలివియానోల్లో క్యాష్ ఉంచుకోవాలి.

బోర్డర్‌లో చిలీ వాళ్ళు పళ్ళు, కోకా ఆకులు ఏవీ రానివ్వరు, ఫారంలో నిజం రాసేయండి, లేకపోతే జరిమానా. చిలీ వైపు మొదటి ఊరు శాన్ పెడ్రో డి అటకామాలో డార్మ్ బెడ్ రేటుకి బొలీవియాలో సింగిల్ రూమ్ వచ్చేస్తుంది, నేను ఒక్క రాత్రే ఉన్నా. అక్కడ్నుంచి సాల్టాకి హామా కనుమ మీదుగా బస్సు, రోజూ ఉండదు, మంచు పడితే కనుమ మూసేస్తారు, ఆ రోజు నా అదృష్టం బాగుండి తెరిచే ఉంది.

ఖండం దక్షిణ కొసన ఉన్న పటగోనియా దాకా వెళ్ళాలనుకున్నా కానీ సాల్టాలోనే ఆపేశా. నేను వెళ్ళింది జూన్‌లో, ఆండీస్ పైన ఎండగా వర్షాలు లేకుండా ఉండే టైమ్ అది, కానీ కింద దక్షిణాన అప్పుడే చలికాలం, చాలా ట్రెక్‌లు, క్యాంపులు మూసేస్తారు. మొత్తం ఒకే ట్రిప్‌లో కావాలంటే సెప్టెంబర్ చివర్లో లిమాలో మొదలుపెట్టి నిదానంగా దిగుతూ డిసెంబర్‌కి పటగోనియా చేరాలి, అక్కడి ‘టొరెస్ డెల్ పైనే’ నేషనల్ పార్క్‌లో క్యాంప్‌సైట్లు మాత్రం చాలా ముందే బుక్ చేసుకోవాలి. నా మిగతా సగం అలాగే చేస్తా, ఈసారి సాల్టా నుంచి కిందకి.