మెట్లకి స్టీల్ వైర్ రైలింగ్: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వాడి చూశాక

మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. కింద ఒక వాటా, పైన ఒక వాటా, బయటి నుంచి మెట్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు ఆ మెట్లు సగం దాకా మునిగిపోయాయి. మూడో రోజు పడవ వస్తే మా అమ్మని అందులోకి దింపుతున్నాం, ఆవిడ పట్టుకున్న రైలింగ్ చేతిలో ఊగిపోయింది. అది 2007లో వేయించిన మామూలు ఇనప రైలింగ్. రెండేళ్లకోసారి పెయింటు వేయిస్తూనే ఉన్నాం, పైకి నిక్షేపంలా కనపడేది, కానీ మెట్టులోకి దిగిన చోట లోలోపలే తుప్పు తినేసింది. నీళ్లు తీశాక బురద కడుగుతుంటే మూడు పోస్టులు మొదట్లో పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చాయి. అమ్మ పడలేదు, పక్కింటి కుర్రాడు పట్టుకున్నాడు. కానీ ఆ ఊపు నేను మర్చిపోలేకపోతున్నాను, అందుకే ఇందులో అందం గురించి తక్కువ, పట్టు గురించి ఎక్కువ రాస్తున్నాను.

వైర్ రైలింగ్ ఆలోచన మా తమ్ముడిది. వాడు టెక్సాస్‌లో ఉంటాడు, అక్కడ ఇంటి వెనక చెక్కతో అరుగులాగా వేసుకుంటారు కదా, డెక్ అంటారు, దానికి ఇదే పెట్టించుకున్నాడు. నిలువు పోస్టుల మధ్య సన్నటి స్టీలు తీగలు అడ్డంగా లాగి బిగిస్తారు, పైన చెయ్యి పట్టుకునే పైపు ఉంటుంది. మాకు పై వరండాలో సాయంత్రం వచ్చే ఆ కాస్త గాలే ప్రాణం. అద్దం పెడితే గాలి ఆగిపోతుంది, మే నెలలో ఆ అద్దం పక్కన కూర్చోలేం. మామూలు స్టీలు పైపుల రైలింగ్ చవకే, కానీ తమ్ముడి ఫోటోలు చూశాక మా ఆవిడకి అది నచ్చలేదు. సరే అని ఆటోనగర్ వైపు నాలుగు షాపులు తిరిగాను.

నాలుగింట్లో రెండు షాపులవాళ్లు అసలు ఈ పని చేయలేదు, చేస్తామన్నారు అంతే. మూడోవాళ్లు అడుగుకి 1,300 చెప్పారు, బయట వానకి తట్టుకునే 304 గ్రేడు స్టీలే వేస్తామన్నారు. నాలుగో షాపు పెద్దాయన 1,850 చెప్పారు. 550 తేడా ఎందుకండీ అని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "వైరు ఎవరైనా లాగుతారండీ. లాగిన వైరుని ఆపి పట్టుకునేది చివర పోస్టు. ముందు దాని సంగతి అడగండి." అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే అర్థమైంది. ఒక్కో తీగ ఊగకుండా నిలబడాలంటే దాదాపు 100 కిలోల లాగుడు ఉండాలి. మాకు మూడున్నర అడుగుల ఎత్తులో 12 తీగలు వస్తాయి. అంటే చివర ఉండే ఒక్క పోస్టుని 1,200 కిలోలు రాత్రీపగలూ ఒకే వైపుకి లాగుతూ ఉంటాయి. మామూలు రైలింగ్‌లో ఈ బాధ లేదు, మనం ఆనుకుంటేనే బరువు పడుతుంది. ఇక్కడ ఎవరూ ముట్టుకోకపోయినా పోస్టు పని చేస్తూనే ఉంటుంది. పలచటి పైపు వేస్తే వంగుతుంది, అది వంగితే తీగలు వదులవుతాయి, తీగలు వదులైతే మిగిలేది బట్టలారేసే దండెం.

మూడో షాపువాళ్ల పైపు ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది చెప్తారు, అది నమ్మకండి. చవక రకం స్టీలైన 202 గ్రేడుకి కూడా అయస్కాంతం పెద్దగా అంటుకోదు, 304కీ అంటుకోదు, ఇక తేడా ఏం తెలుస్తుంది? స్టీలు షాపుల్లో ఒక టెస్టింగ్ లిక్విడ్ సీసా దొరుకుతుంది, ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 202 అయితే ఎర్రగా మారుతుంది. వాళ్ల ముక్క ఎర్రబడింది. 304లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, 202లో నికెల్ తగ్గించి ఆ చోట మాంగనీస్ కలుపుతారు, అందుకే చవక, అందుకే బయట వానకి తొందరగా మచ్చలు పడుతుంది. 304 అని చెప్పి 202 ఇవ్వడం నాకు చాలా కోపం తెప్పించింది. ఇంట్లో అలమర పిడికైతే పోనీ అనుకోవచ్చు, ఇది ముసలివాళ్లు పట్టుకుని దిగేది. సముద్రం దగ్గర, మచిలీపట్నం లాంటి చోట్ల ఉన్నవాళ్లైతే 304 కూడా వద్దు, 316 అడగండి, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుగాలికి అదే ఆగుతుంది. బెజవాడకి 304 చాలు.

పని నాలుగో షాపుకే ఇచ్చాను, 2025 సంక్రాంతి వెళ్లిన వారానికి మొదలుపెట్టారు. మెట్లకి 22 అడుగులు, వరండాకి 24, మొత్తం 46 అడుగులు. అడుగుకి 1,850 లెక్కన 85,100, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 1,00,418 అయింది. రెండంగుళాల చదరపు పోస్టులు, మధ్యవి 2 మిల్లీమీటర్ల మందం, చివరవి 3 మిల్లీమీటర్లు. నాలుగడుగులకి మించి దూరం లేకుండా పోస్టు. 1,300 చెప్పినవాళ్ల లెక్కలో ఆరడుగులకొక పోస్టు ఉంది, డబ్బు అక్కడే మిగులుతుంది వాళ్లకి. తీగ 4 మిల్లీమీటర్లది, 19 పోగులు ఒకే కట్టగా మెలిపెట్టింది. ఇది బిరుసుగా ఉంటుంది, తక్కువ సాగుతుంది. మెత్తగా వంగే రకం తీగ కూడా ఉంటుంది, కప్పీల మీద తిరిగేవాటికి అది కావాలి, రైలింగ్‌కి వద్దు.

తీగకీ తీగకీ మధ్య మూడంగుళాలు పెట్టించాను. అమెరికాలో రూలు ఏంటంటే నాలుగంగుళాల బంతి ఆ సందులోంచి దూరకూడదు, చిన్న పిల్లల తల ఇరుక్కోకుండా. మరి నాలుగు పెట్టొచ్చు కదా అని మా వెల్డర్ అడిగాడు. తీగని చేత్తో నెడితే పక్కకి జరుగుతుంది బాబూ, పైపు జరగదు, అందుకే ముందే తగ్గించి పెట్టుకోవాలి అని తమ్ముడు నాకు చెప్పిందే నేను అతనికి చెప్పాను.

ఇక బిగింపు సంగతి, అసలు రాయాల్సింది ఇదే. మా మెట్లకి పైన గ్రానైట్ ఉంది. మొదటి పోస్టుకి డ్రిల్లు దింపితే ముందు బూడిదరంగు పొడి వచ్చింది, తర్వాత ఎర్ర పొడి రావడం మొదలైంది. ఇటుక! మెట్లు చూడటానికి మొత్తం కాంక్రీటులాగే ఉంటాయి కానీ చాలా ఇళ్లలో కింద వాలు స్లాబు మాత్రమే కాంక్రీటు, దాని మీద మెట్లు ఇటుకతో కట్టి పైన రాయి పరుస్తారు. ఆ ఇటుకలో మూడంగుళాల బోల్టు వేసి దానికి 1,200 కిలోల లాగుడు తగిలిస్తే ఎన్నాళ్లు ఉంటుంది? మా పాత రైలింగ్ కూడా ఆ ఇటుకలోనే ఉంది, నీళ్లు పీల్చుకుని పీల్చుకుని పోస్టుని తినేసింది. పని ఆపించాను. పెద్దాయన తనే బండి వేసుకుని వచ్చి చూసి, పైనుంచి కాదు, పక్క నుంచి వాలు స్లాబులోకే బిగిద్దాం అన్నారు. పోస్టుకి పక్కన ప్లేటు వెల్డింగ్ చేసి, స్లాబు అంచులో రంధ్రాలు చేసి, దుమ్మంతా ఊదేసి, రాడ్డుని పట్టేసే కెమికల్ జిగురు నింపి రాడ్లు దింపారు. ఆ రోజు ఇంకేం ముట్టుకోనివ్వలేదు, మర్నాడు గట్టిపడ్డాకే నట్లు బిగించారు. దీనికి అదనంగా 6,500 తీసుకున్నారు, సంతోషంగా ఇచ్చాను. డ్రిల్లు వేసేటప్పుడు దగ్గర నిలబడి పొడి రంగు చూడండి, దయచేసి ఈ ఒక్క పని చేయండి, ఎవరి చేత చేయించుకున్నా సరే.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. వరండా మూల దగ్గర ఒకే పోస్టులోంచి తీగని తిప్పి పక్కకి తీసుకెళ్లారు. బిరుసు తీగ అంత మూలకి తిరగదు, రంధ్రం దగ్గర నలిగింది, బిగించేకొద్దీ మూల పోస్టు పైభాగం లోపలికి ఒరిగింది. తూకపు దారం వేలాడదీసి చూస్తే దాదాపు 6 మిల్లీమీటర్లు. అది చూపించాక మారు మాట్లాడకుండా రెండో పోస్టు వేసి, రెండు వైపులా తీగలు విడివిడిగా ముగించారు. ఇది ముందే చేయాల్సింది. మెట్ల వాలులో రంధ్రాలు కూడా వాలుకి తగ్గట్టు ఏటవాలుగా వేయాలి, మొదటి పోస్టుకి నేరుగా వేసేసరికి తీగ అంచుకి రాసుకుంటోంది. ఆ పోస్టు మార్చారు.

రెండో తప్పు జూన్‌లో బయటపడింది. మొదటి వాన పడ్డ వారానికి వెల్డింగ్ అతుకుల దగ్గర గోధుమరంగు చుక్కలు. నాకు గుండె జారింది, మళ్లీ 202 ఏమోనని సీసా తీసి టెస్టు చేశాను, ఎర్రబడలేదు. విషయం ఏంటంటే కుర్రాళ్లు అంతకుముందు ఇనప గేటుకి వాడిన గ్రైండర్ బిళ్ళతోనే మా స్టీలుని సానబెట్టారు. ఆ బిళ్ళలో ఇరుక్కున్న ఇనప రజను స్టీలుకి అంటుకుని, తుప్పు పట్టేది అదీ. పెద్దాయన మనిషిని పంపారు, ఏదో పేస్టు రాసి కాసేపు ఉంచి బాగా నీళ్లతో కడిగేశాడు, పోయింది. అతను గ్లౌజులు వేసుకుని చాలా జాగ్రత్తగా చేశాడు, అది ఘాటైన యాసిడ్ పేస్టు, ఇంట్లో మనం చేసే పని కాదు. స్టీలుకి ఆర్గాన్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాసు వదులుతూ చేసే వెల్డింగ్) చేయించుకోవడం ఎంత ముఖ్యమో, స్టీలుకి కొత్త బిళ్ళ వాడమని చెప్పడం కూడా అంతే ముఖ్యం.

బిగువు గురించి. మొదటిసారి బిగించాక మూడు వారాలకి తీగలు కొంచెం సర్దుకుంటాయి, మళ్లీ బిగించాలి. దానికి వాళ్లే వచ్చారు. ఆ తర్వాత మే నెలలో మధ్యాహ్నం పూట చూస్తే మెట్ల మీది మధ్య తీగలు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. స్టీలు వేడికి పెరుగుతుంది, పదడుగుల తీగ 30 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది, మాకు జనవరి చలిలో బిగించారాయె. మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ రాలేదు. ఈ విషయంలో వాళ్లకి మార్కులు తగ్గిస్తాను, మే నెలలో పనుల ఒత్తిడి ఉంటుందని తెలుసు కానీ రేపొస్తాం రేపొస్తాం అని పన్నెండు రోజులు తిప్పారు. వచ్చినతన్ని అడిగి నేనే నేర్చుకున్నాను. కష్టం కాదు. మధ్య తీగతో మొదలుపెట్టి, తర్వాత దాని పైది, కిందది, అలా మార్చి మార్చి వెళ్లాలి. పైనుంచి వరసగా బిగించుకుంటూ వస్తే కిందకి వచ్చేసరికి పైవి వదులైపోతాయి. తీగ మెలి తిరక్కుండా ఒక చేత్తో పట్టకారుతో పట్టుకోవాలి, పట్టకారుకి గుడ్డ చుట్టాలి. మొత్తం అరగంట.

పిల్లలున్నవాళ్లకి ఒక మాట. మా చెల్లి కూతురికి నాలుగేళ్లు. ఉగాదికి వచ్చినప్పుడు ఆ అడ్డ తీగల మీద కాలు పెట్టి నిచ్చెనలాగా నాలుగో తీగ దాకా ఎక్కేసింది, మా ఆవిడ వంటింట్లోంచి చూసి పరిగెత్తింది. అడ్డ తీగలు పిల్లలకి నిచ్చెనే, ఎంత గట్టిగా ఉన్నా సరే. వరండా లోపలివైపు నడుం ఎత్తు దాకా పారదర్శకమైన షీటు కట్టించాను, గాలి కొంత తగ్గింది, అయినా తీయను. ఐదేళ్ల లోపు పిల్లలు రోజూ తిరిగే ఇల్లయితే ఇది పెట్టించుకోవద్దనే చెప్తాను, లేదా తీగలు నిలువుగా వేసేవాళ్లని వెతకండి.

తుడవడం కొంచెం విసుగు. 12 తీగలు, పోగుల మధ్య దుమ్ము చేరుతుంది, తడిగుడ్డతో ఒక్కోటి పట్టుకుని లాగుతూ వెళ్లాలి. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వకండి, స్టీలు పీచు అసలే వద్దు.

అమ్మ ఇప్పుడు వడియాల పళ్లెం తీసుకుని రోజూ డాబా మీదకి వెళ్తోంది, ఎండలో పై పైపు కాలుతోందని మాత్రం గొడవ. పదకొండు దాటితే చెయ్యి పెట్టలేం నిజమే. మెట్ల వరకూ పైన చెక్క పట్టీ వేయమని అడిగాను, అడుగుకి 280 అన్నారు, దీపావళి ముందు వేశారు.

నేను 10,000 ఆపి ఉంచాను, మొదటి ఎండాకాలం వెళ్లాక ఇస్తానని పని ఒప్పుకునే రోజే కాగితం మీద రాయించుకున్నాను. మే నెలలో ఆలస్యంగానైనా వచ్చారంటే అందులో ఆ పదివేలకీ వాటా ఉందనుకుంటున్నాను. జులై మొదటి వారంలో వెళ్లి ఇచ్చేశాను, పెద్దాయన బిగించే స్పానర్ ఒకటి, రెండు విడి నట్లు చేతిలో పెట్టి పంపారు.