మార్కులు వేసే టీచర్ చేతిలో నెట్‌లోగో

నెట్‌లోగో అంటే జంతువుల్లాంటి పాత్రలకు నియమాలిచ్చి, ఏం జరుగుతుందో కంప్యూటర్‌లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్. అది ఉచితం, 1999 నుంచి ఉంది, బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. పాఠం చెప్పడానికి బాగుంటుందనడంలో పేచీ లేదు. విద్యార్థులు దాంతో చేసిన పనికి మార్కులు వేయాల్సి వచ్చినప్పుడే చిక్కు. ఎవరు ఏ స్లైడర్‌ని (విలువలు మార్చే మీటని) ఎప్పుడు మార్చారో మామూలుగా అది దానంతటదే రాసిపెట్టదు. చివరికి మన చేతికి వచ్చేది ఒక గ్రాఫ్, అంతే.

దాంతోపాటే వచ్చే మోడల్స్ లైబ్రరీలో బయాలజీ కింద ఉన్న తోడేళ్లు-గొర్రెల మోడల్‌నే చూడండి. 100 గొర్రెలు, 50 తోడేళ్లతో మొదలవుతుంది. నడకా యాదృచ్ఛికమే, పిల్లలు పుట్టడమూ యాదృచ్ఛికమే. కాబట్టి ఒకే సెట్టింగ్‌తో రెండుసార్లు నడిపితే రెండు రకాల గ్రాఫులు వస్తాయి. ‘గడ్డి త్వరగా మొలిస్తే తోడేళ్లు పెరుగుతాయి’ అని ఒక్క రన్ చూసి రాస్తే, జవాబు ఒప్పే కావచ్చు, ఆధారం మాత్రం లేదు.

దీనికి విరుగుడు టూల్స్ మెనూలోని బిహేవియర్‌స్పేస్. ఇది మోడల్‌ను వేర్వేరు సెట్టింగులతో తానే చాలాసార్లు నడిపి ఫలితాలను పట్టికగా ఇస్తుంది. గడ్డి ఉన్న వెర్షన్ ఎంచుకుని, గడ్డి తిరిగి మొలిచే సమయానికి 20, 30, 40 విలువలు, ఒక్కోదానికి 10 రిపిటీషన్లు, 500 టిక్కుల (మోడల్‌లో కాలం నడిచే అడుగుల) పరిమితి ఇవ్వండి. మొత్తం 30 రన్లు. ప్రతి అడుగులోనూ కొలవమనే గడిలోని గుర్తు తీసేయడం మరవొద్దు. అది ఉంటే 30 వరుసల్లో అయిపోయే ఫలితాల పట్టిక 15 వేల వరుసలు దాటుతుంది, విద్యార్థి అక్కడే చేతులెత్తేస్తాడు. మోడల్‌ను సిద్ధం చేసే సెటప్ ఆదేశానికి ముందు ర్యాండమ్-సీడ్‌గా (యాదృచ్ఛిక అంకెల వరుసను నిర్ణయించే సంఖ్యగా) రన్ నంబర్ పెట్టిస్తే, అదే నెట్‌లోగో వెర్షన్‌లో మీరు మళ్లీ నడిపినా అవే అంకెలు వస్తాయి. ఊహించి నింపిన పట్టిక దొరికిపోతుంది.

గ్రాఫ్‌లో ఒక మెలిక ఉంది. గడ్డి గీత చూపేది తెరపై గడ్డి ఉన్న గళ్ల సంఖ్యలో నాలుగో వంతే. గీత పేరులోనే ఆ సంగతి ఉంటుంది. ‘ఈ క్షణంలో గడ్డి ఉన్న గళ్లు ఎన్ని?’ అని అడిగితే గ్రాఫ్ చదివినవాళ్లెవరో, బొమ్మ చూసినవాళ్లెవరో తేలిపోతుంది. నిలువు అక్షం దానంతటదే సాగుతుంది కూడా. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి ఎత్తులు పోల్చిన జవాబుల్లో సగం తప్పులు ఇక్కడివే.

20 మార్కులకైతే ఇలా పంచితే బాగుంటుంది: నడపకముందే రాసిన అంచనాకు 3, ఒకసారి ఒక్క స్లైడరే మార్చే ప్రణాళికకు 5, పట్టిక నుంచి తీసిన వాదనకు 5. మిగతా 7 మోడల్ పరిమితులకు. ఎక్కువనిపించవచ్చు గానీ అసలు సైన్స్ అక్కడే ఉంది. ఈ తోడేలు వేటాడదు, దారిలో గొర్రె తగిలితే తింటుంది. జోడీ అక్కర్లేకుండా పిల్లను కంటుంది, శక్తిని దానితో సగం పంచుకుంటుంది. గడ్డి లేని వెర్షన్‌లో గొర్రెకు ఆకలే లేదు. వీటిలో ఏది ఫలితాన్ని ఎటు లాగుతుందో చెప్పగలిగితేనే పూర్తి మార్కులు. ‘నిజ జీవితంలో ఇలా ఉండదు’ అని ఊరుకుంటే 1 చాలు.

బిహేవియర్‌స్పేస్ డెస్క్‌టాప్ వెర్షన్‌లోనే ఉంది, బ్రౌజర్‌లో లేదు. బ్రౌజరే దిక్కయిన తరగతిలో అందరికీ ఒకే సెట్టింగ్ ఇచ్చి, ఒక్కొక్కరి 500వ టిక్కు అంకెలను ఒకే షీట్‌లో చేర్చి, ఆ షీట్ మీదే ప్రశ్నలు అడగండి.