పసిపిల్లలకు ఫోను: పూర్తిగా మాన్పించాలా, గంట కొలిచి ఇవ్వాలా, అన్నం దగ్గర ఆపాలా?

ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులు, ముఖ్యంగా ఇద్దరూ ఉద్యోగాలకు వెళుతూ పిల్లను ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర వదిలేవాళ్లు, ఈమధ్య నన్ను తరచు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఫోను ఒక్కసారిగా మాన్పించడం మంచిదా, రోజుకు ఇంతసేపని కొలిచి ఇవ్వడం మంచిదా? ఫోను ఎక్కువైతే వచ్చే నష్టాలేమిటో అడిగేవాళ్లకు తెలియకపోలేదు. ఎటునుంచి మొదలుపెట్టాలన్నదే వాళ్ల సందేహం. మా మూడేళ్ల మనవరాలి విషయంలో ఈ వేసవిలో మేమూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది. అందరూ ఆ రెండు మార్గాలే చెబుతారు గానీ మూడోది కూడా ఉంది: గడియారాన్ని పక్కనపెట్టి, అన్నం తినేటప్పుడూ పడుకోబోయే ముందూ ఫోను ఉండదని నియమం పెట్టుకోవడం.

రెండేళ్లలోపు పిల్లల విషయంలో ఈ పోలికే అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది నిండని పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండో ఏట కూడా తగదు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు, అంతకన్నా తగ్గితే మరీ మంచిది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో ఇంచుమించు ఇదే చెప్పి, రెండేళ్లలోపు వాళ్లకు అయినవాళ్లతో మాట్లాడే వీడియో కాల్స్‌ను మాత్రం మినహాయించింది. అందరికీ గుర్తుండిపోయే అంకె ఆ గంట ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లోనే మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలనీ, పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలనీ కూడా ఉంది. ఈ రెండూ సరిగా జరిగే ఇంట్లో స్క్రీన్‌కు మిగిలే సమయం దానంతటదే తగ్గిపోతుందని నా నమ్మకం.

పూర్తిగా మాన్పించడంలో ఉన్న గొప్ప సుగుణం బేరసారాలు లేకపోవడం. లేదంటే లేదు. మొదటి నాలుగైదు రోజులు ఇల్లు అదిరిపోతుంది, ఆ తర్వాత పిల్ల ఆశ్చర్యకరంగా సర్దుకుంటుంది. అయితే ఇందుకు ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరూ ఒకే మాట మీద నిలబడాలి. తాతగారు వార్తలు చూస్తారు, బాబాయి సోఫాలో పడుకుని రీల్స్ చూస్తాడు, ఆదివారం వచ్చిన మేనత్త "పాపం, గుక్కపట్టి ఏడుస్తోంది, ఒక్క ఐదు నిమిషాలివ్వు వదినా" అంటుంది. ఆ ఒక్కసారి ఇవ్వడం అసలు ఇస్తూనే ఉండడం కన్నా చెరుపు చేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు దొరికే వస్తువు కోసం పిల్లలు మరింత గట్టిగా, మరింత సేపు ఏడుస్తారు. అరగంట ఏడ్చాక ఇచ్చిన ఫోను అరగంట ఏడవాలనే నేర్పుతుంది. అందుకే పదిమంది మసలే ఇంట్లో ఈ పద్ధతి మాటల్లో ఎంత బాగున్నా ఆచరణలో నిలవదు.

గంట కొలిచి ఇవ్వడం చూడటానికి అన్నిటికన్నా న్యాయంగా కనిపిస్తుంది. సాధనాలు కూడా ఉన్నాయి: యూట్యూబ్ కిడ్స్‌లో టైమర్ పెట్టుకోవచ్చు, గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్ల చేతిలోని ఫోనుకు రోజుకింతని గడువు పెట్టి తాళం వేయవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఆ గంట ఒక్కచోట ఉండదు. పొద్దున్నే జడ వేసేటప్పుడు పది నిమిషాలు, టిఫిన్ దగ్గర ఇరవై, నాయనమ్మ పోపు వేసుకునేటప్పుడు పావుగంట, మధ్యాహ్నం అన్నం దగ్గర అరగంట. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలియదు, కూడి చూసేవాళ్లు లేరు. తాళం పడేది ఒక ఫోనుకే గానీ ఇంట్లో ఫోన్లు నాలుగుంటాయి. పైగా కథ మధ్యలో ఉండగా టైమర్ తెర మూసేస్తే పిల్లకు అది అన్యాయంగానే తోస్తుంది; మూడేళ్ల పిల్లకు ఇరవై నిమిషాలంటే ఏం తెలుస్తుంది? కొలిచే ఇవ్వదలచుకుంటే నిమిషాల్లో కాక "రెండు కథలు" అని లెక్కపెట్టి ఇవ్వడం, ఆటోప్లే ఆపేయడం, అంతూ దరీ లేని షార్ట్స్ జోలికి పోనివ్వకపోవడం మేలు. పిల్ల ఐదారేళ్లదై గడియారం చూడటం నేర్చాక ఈ పద్ధతికి బలం వస్తుంది, ఈలోపు అది పెద్దవాళ్ల మీద పెట్టిన లెక్కల పనిగానే మిగులుతుంది.

నా మటుకు ఈ వ్యవహారాన్ని తేల్చే విషయం ఒక్కటే: పగలంతా పిల్ల దగ్గర ఉండే మనిషి, ఎవరినీ అడగకుండా, గడియారం చూడకుండా ఆ నియమాన్ని నిలబెట్టగలదా లేదా అన్నది. నియమం పెట్టేది ఆఫీసుకు వెళ్లే తల్లిదండ్రులు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా అమలు చేయవలసింది నాయనమ్మో, అమ్మమ్మో, ఇంట్లో పనిచేసే మనిషో. "కంచం ముందు ఫోను లేదు" అన్న మాట ఎవరికైనా ఒక్కసారి చెబితే చాలు. తప్పితే అందరికీ కనిపిస్తుంది. ఇప్పటికి ఎంతసేపయిందన్న వాదనకు తావుండదు.

అన్నం దగ్గరే ఎందుకు మొదలుపెట్టాలంటే, చాలా ఇళ్లలో ఫోను అలవాటు పుట్టింది అక్కడే. స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోనులో బొమ్మలు ఆడుతుంటాయి, పిల్ల కళ్లు తిప్పకుండా నోరు తెరుస్తుంది, పప్పన్నం ముద్ద లోపలికి వెళుతుంది. నమలడం మరిచి బుగ్గన పెట్టుకుని కూర్చుంటే మనం "నములమ్మా" అని గడ్డం తడతాం. గిన్నె ఖాళీ అయ్యాక ఏం కూర తిన్నావని అడిగితే చెప్పలేదు. ఆకలి ఎప్పుడు తీరిందో కడుపు చెబుతున్నా వినే స్థితిలో ఉండదు కనుక, కొందరు అవసరానికి మించి తింటారు, కొందరు బొమ్మలు లేనిదే ముద్ద ముట్టరు. మేము ఆపిన మొదటి రోజుల్లో మా పిల్ల నాలుగు ముద్దలు తిని లేచిపోయేది. ఇక్కడ అసలు అడ్డంకి దాని మొండితనం కాదు, పిల్ల తినలేదన్న మా బెంగ. గిన్నెడన్నం కడుపులో పడితే తప్ప పెంచినట్టు కాదనుకునే మాబోటివాళ్లకు ఫోను పిల్ల కన్నా మాకే ఎక్కువ అవసరమైపోయింది. తినకపోతే కంచం తీసేసి, మధ్యలో బిస్కెట్లూ మురుకులూ పెట్టకుండా ఉంటే, తర్వాతి పూటకు ఆకలే పని చేస్తుంది. దాని చిన్న కంచం అందరి కంచాల పక్కన పెట్టి, కింద పాత న్యూస్‌పేపర్ పరిచి, సొంత చేత్తో కలుపుకోనిస్తే సగం నేల పాలవుతుంది గానీ మిగతా సగం తనంతట తాను తింటుంది. పిల్ల బరువు పెరగకపోయినా, పూట తర్వాత పూట తిండి మానేస్తున్నా మాత్రం ఈ ప్రయోగాలు కట్టిపెట్టి వైద్యుడికి చూపించాలి.

పడక దగ్గర నియమం ఇంత కష్టం కాదు. నిద్రకు గంట ముందు నుంచి ఫోను కనబడనివ్వకుండా స్నానం, పాలు, కథ అనే వరస రోజూ ఒకేలా సాగిస్తే వారం తిరిగేసరికి పిల్లే ఆ వరసను గుర్తుచేస్తుంది. కథ రానివాళ్లు ఆ రోజు జరిగినవే చెప్పినా చాలు.

ఈ మూడో మార్గానికీ లోపముంది. అన్నానికీ నిద్రకూ మధ్య ఉన్న ఖాళీ సమయంలో ఫోను చేతికిచ్చి కూర్చోబెడితే మొత్తం రెండు గంటలైనా కావచ్చు, నియమం మాత్రం తప్పినట్టు కాదు. కాబట్టి అన్నం, పడక దారికొచ్చాక మిగిలిన భాగానికి రెండు కథల లెక్క చేర్చుకోవలసిందే. ముందు ఏది, తర్వాత ఏది అన్న విషయంలోనే నాకు పట్టింపు.

ఇక మిగిలినవి. ఫోను బదులు టీవీ పెట్టడం కొంత నయం: దూరంగా, ఒక్కచోట ఉంటుంది, ఏం చూస్తోందో అందరికీ తెలుస్తుంది. కానీ ఎవరూ చూడకుండా వెనకాల సీరియల్ మోగుతూ ఉంటే పిల్ల ఆట మధ్యలో తెగిపోతూ ఉంటుంది, పెద్దవాళ్లు పిల్లతో మాట్లాడే మాటలూ తగ్గిపోతాయి. చదువు నేర్పే యాప్‌ల మీద నాకు పెద్ద ఆశ లేదు; రెండు, రెండున్నరేళ్ల లోపు పిల్లలు తెర మీద చూసినదాని కన్నా ఎదుట ఉన్న మనిషి చేసి చూపినదే బాగా పట్టుకుంటారు. ఫోను మాన్పించడానికని కొత్త బొమ్మలు కొనడం కన్నా ఉతికిన బట్టల్లోంచి చేతిరుమాళ్లు ఇచ్చి మడతపెట్టమనడం ఎక్కువసేపు పనికొస్తుంది.

ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరే ఉండి, ఇద్దరిదీ ఒకే మాటైతే, పిల్లకు ఇంకా మూడేళ్లు నిండకపోతే, పూర్తిగా మాన్పించడమే తేలిక. వాళ్లకు నా పద్ధతి చుట్టుదారి. విదేశాల్లో అయినవాళ్లున్న ఇళ్లలో ఇంకో సర్దుబాటు అవసరమవుతుంది. వీడియో కాల్‌ను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు గానీ, అది పడకవేళకో భోజనం వేళకో వస్తే కట్టుకున్న నియమమంతా కదిలిపోతుంది. డాలస్‌లో ఉండే మా పెద్దవాడు మొదట్లో వాడి పొద్దుటి పూట, అంటే ఇక్కడ పిల్ల పడుకోబోయే వేళకు చేసేవాడు. ఇప్పుడు మాకు పొద్దున ఏడున్నరకు చేస్తున్నాడు. అక్కడ రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. మాట్లాడటం కాగానే ఫోను ఫ్రిజ్ మీదికి వెళ్లిపోతుంది, టిఫిన్ ఆ తర్వాతే.