ఖతార్ వీసా సెంటర్, హైదరాబాద్: ఒక ఉద్దానం వెల్డర్ అనుభవం

ఖతార్‌కి పనికి వెళ్లేవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది. అక్కడ ఏం చేస్తారని శ్రీకాకుళం జిల్లా మా ఉద్దానంలో ఎవర్ని అడిగినా "వేలిముద్రలు తీస్తారు, మెడికల్ చేస్తారు" అంటారు. నిజమే, ఆ రెండూ చేస్తారు, బాగా చేస్తారు. వాటితోపాటు ఇంకో పని కూడా జరుగుతుంది. కంపెనీకీ మనకీ మధ్య కాంట్రాక్టు తెర మీద చూపించి సంతకం అడుగుతారు. నా లెక్కలో ఆ సెంటర్‌కి వెళ్లేదే దాని కోసం. మనవాళ్లు చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కవిటి మండలంలో ఒక ఊరు. టిగ్, ఆర్క్ రెండు రకాల వెల్డింగూ చేస్తాను, పైపు వెల్డింగులో కష్టమైన సిక్స్ జీ టెస్టు పాసయ్యాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కొబ్బరితోట నేలకొరిగిపోయింది. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా, అందుకని జామ్‌నగర్, పారాదీప్ రిఫైనరీల్లో షట్‌డౌన్ పనులకి, అంటే ప్లాంటు ఆపి చేసే రిపేర్లకి తిరిగాను. షట్‌డౌన్ నడిచినన్నాళ్లు డబ్బులు బాగానే వస్తాయి. అయిపోయాక మళ్లీ ఇంటికొచ్చి ఫోన్ కోసం ఎదురుచూడాలి. చెల్లి పెళ్లి మాటలు మొదలయ్యాక ఇలా కుదరదనిపించి గల్ఫ్ వైపు చూశాను.

ఏజెంటు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే తర్వాత కథంతా అక్కడే మొదలైంది. మన టౌన్లలో బోర్డు పెట్టుకుని కూర్చున్న చాలామందికి సొంత లైసెన్సు ఉండదు. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఏజెన్సీకి మనుషుల్ని చూపించే సబ్ ఏజెంట్లు వాళ్లు. ఏ ఏజెన్సీకి లైసెన్సు ఉందో కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. నేను చూస్తే ముంబై ఏజెన్సీ పేరు ఉంది. కాగితాలు పట్టుకెళ్లిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. లైసెన్సున్న ఏజెన్సీ మన దగ్గర తీసుకోవాల్సిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలకి మించకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. నన్ను అడిగింది లక్షా పది వేలు. అందులో "ఖతార్ మెడికల్, బయోమెట్రిక్" అని విడిగా ఎనిమిది వేలు రాశారు. వీసా సెంటర్‌లో జరిగే వాటికి డబ్బు కట్టేది ఖతార్‌లోని కంపెనీయే. మనం కౌంటర్లో ఇచ్చేది ఏమీ లేదు. ఆ మాట సెంటర్ వాళ్ల సైట్లోనే ఉంది. అది చూపించి ఎనిమిది వేలు కొట్టేయించాను. మిగతా దానికి బ్యాంకులో వేస్తాను, రసీదు ఇవ్వండి అన్నాను. ఆ మాట అన్న దగ్గర్నుంచి బేరం దానంతట అదే కిందికి వచ్చింది.

ఇక సెంటర్ గురించి. ఇలాంటివి మన దేశంలో ఏడు ఊళ్లలో ఉన్నాయి: ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, లక్నో, చెన్నై, కొచ్చి, హైదరాబాద్. మన దగ్గర 2019లో తెరిచారు. అంతకుముందు ఏడాది శ్రీలంకలో మొదటిది పెట్టారు. కార్మికుడు విమానం దిగాక కాంట్రాక్టు మార్చేసే అలవాటు గల్ఫ్ అంతటా ఉండేది. దాన్ని ఆపాలంటే మనిషి తన దేశంలో ఉన్నప్పుడే, తనకి అర్థమయ్యేలా కాంట్రాక్టు చూసి సంతకం పెట్టాలి. సెంటర్లు పెట్టడం వెనక ఉన్న ముఖ్యమైన ఆలోచనల్లో ఇదొకటి. కంపెనీ అక్కడ వీసాకి అప్లై చేస్తే నంబరు వస్తుంది. ఆ నంబరు, పాస్‌పోర్టు నంబరు వేసి మనమే సైట్లో అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. దీనికి ఏజెంటు అక్కర్లేదు, కంచిలి నెట్ సెంటర్ కుర్రాడు చేసిపెట్టాడు. ప్రింటు తీసుకోవడం మర్చిపోకండి.

పలాసలో సాయంత్రం రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. నాతోపాటు మా పక్క ఊరి కుర్రాడు కూడా వచ్చాడు, అతనిది రిగ్గర్ పని, అంటే బరువులు కట్టి క్రేన్‌తో ఎత్తించడం. లోపల గొడవ లేదు, తోపులాట లేదు. టోకెన్ తీసుకుని కూర్చుంటే పేరు పిలుస్తారు. ప్రతి చోటా మర్యాదగా మాట్లాడారు. నాలాంటి పనివాళ్లతో ఏ ఆఫీసులోనైనా ఎలా మాట్లాడతారో తెలిసినవాడికి ఇది చిన్న విషయం కాదు.

కాంట్రాక్టు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి తెలుగు మాట్లాడింది. తెర మీద ఉన్నది చదివి చెప్పమంటే విసుక్కోకుండా ఒక్కొక్క లైనూ చెప్పింది. పని: పైప్ వెల్డర్. రెండేళ్ల కాంట్రాక్టు. రూము కంపెనీది. బేసిక్ 1,000 రియాళ్లు, అలవెన్సు 700, ఫుడ్ 300. అక్కడ ఆపమన్నాను. ఏజెంటు ఇచ్చిన ఆఫర్ లెటర్ నా దగ్గర కాగితం మీద ఉంది. అందులో బేసిక్ 1,700, ఫుడ్ 300. రెండు చోట్లా మొత్తం 2,000 రియాళ్లే.

మొత్తం ఒకటే కదా, ఇంకేంటి బాధ అని మా రిగ్గర్ కుర్రాడు కూడా అడిగాడు. తేడా ఎక్కడంటే, ఖతార్ కార్మిక చట్టంలో ఓటీ (అదనపు గంటల పని) లెక్క, గ్రాట్యుటీ లెక్క రెండూ బేసిక్ మీదే కడతారు. ఓటీకి గంట జీతం కన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. నెలకి 240 గంటలు అనుకుంటే, 1,700 బేసిక్ ఉన్నవాడికి ఓటీ గంటకి దాదాపు 8.85 రియాళ్లు వస్తుంది. 1,000 బేసిక్ ఉన్నవాడికి 5.21. రోజుకి రెండు గంటల ఓటీ, నెలకి 26 రోజులు వేసుకోండి: సుమారు 190 రియాళ్లు తేడా. మన డబ్బుల్లో నాలుగు వేలు దాటుతుంది, ప్రతి నెలా. ఇది కాక, పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్ గ్రాట్యుటీగా ఇవ్వాలి. అది కూడా 1,190 రియాళ్ల నుంచి 700కి పడిపోతుంది. 2021 మార్చి నుంచి అక్కడ కనీస వేతనం 1,000 రియాళ్లు. కంపెనీ రూము ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 దానికి అదనం. అంటే నా బేసిక్‌ని సరిగ్గా చట్టం ఒప్పుకునే అట్టడుగుకి దించి, మిగిలింది అలవెన్సులో పెట్టారు. చట్టం తప్పలేదు, నా చెమట మాత్రం చౌకైపోయింది.

ఆ అమ్మాయిని అడిగాను, ఇప్పుడు నేనేం చెయ్యాలి అని. "మీరు ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే పెట్టక్కర్లేదు" అంది. ఎటూ లాగలేదు. నాకు కావలసింది ఆ మాటే.

బయటికొచ్చి ఏజెంటుకి ఫోన్ చేశాను. "టోటల్ ఒకటే కదా తమ్ముడూ, పెట్టేయ్. అక్కడికెళ్లాక నచ్చకపోతే కంపెనీ మారిపోవచ్చు, ఇప్పుడు రూల్ వచ్చింది" అన్నాడు. రూల్ వచ్చిన మాట నిజం. 2020 నుంచి ఖతార్‌లో పాత కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) లేకుండానే ఉద్యోగం మారొచ్చు. కానీ నోటీసు ఇవ్వాలి, తీసుకునే కంపెనీ ఇంకోటి ఉండాలి, ఆ లోపు ఇక్కడ తెచ్చిన అప్పుకి వడ్డీ పెరుగుతూ ఉంటుంది. తర్వాత మా మావయ్యకి చేశాను. ఆయన వెనకటి రోజుల్లో మస్కట్ వెళ్లినవాడు. ఫిట్టర్ అని తీసుకెళ్లి హెల్పర్ పని ఇచ్చారు. "సంతకం ఎట్టకురా. నాకు దిగినాక కాగితం మార్చీసినారు, అప్పుడు నాకు ఎవుళ్లూ చూపించనేదు. నీకు ఇక్కడే చూపించినారు కదా, ఇంకేటి?" అన్నాడు.

సంతకం పెట్టలేదు. ఆ రాత్రి రైల్లో చాలా టెన్షన్ పడ్డాను, అది దాచను. వీసా పోతుందేమో, ఏజెంటు డబ్బులు ఎగ్గొడతాడేమో, ఇంట్లో ఏమనుకుంటారో అని. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. నాన్న మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ముంబై ఏజెన్సీకి నేరుగా మెయిల్ పెట్టాను: ఆఫర్ లెటర్ స్కాన్, తెర మీద నేను చూసిన అంకెలు, సంతకం పెట్టని కారణం. మర్యాదగా, నాలుగు లైన్లలో. ఏజెంటుతో ఫోన్లో వాదించడం కన్నా ఇదే పని చేసింది. వెల్డర్లకి గిరాకీ ఉంది, టెస్టు పాసైనవాణ్ణి వదులుకోవడం కంపెనీకీ ఇష్టం ఉండదు. కొన్నాళ్లకి కాంట్రాక్టు సరిచేశామని జవాబు వచ్చింది. మళ్లీ అపాయింట్‌మెంట్, మళ్లీ అదే రైలు.

ఈసారి బేసిక్ 1,700 అనే ఉంది. మళ్లీ మొత్తం చదివించుకునే పెట్టాను. ఫొటో, వేలిముద్రలు, కళ్లు స్కాన్ చెయ్యడం, రక్తం, ఎక్స్‌రే అన్నీ అక్కడే, ఆ పూటే అయిపోయాయి. సౌదీకి వెళ్లే మా ఊరివాళ్లు మెడికల్‌కి ఒక చోటికి, వేలిముద్రలకి ఇంకో చోటికి తిరుగుతున్నారు. ఆ తిరుగుడు చూసినవాడికి దీని విలువ తెలుస్తుంది. ఫొటో వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల చొక్కా వద్దు. తర్వాత ఏ దశలో ఉందో సైట్లో చూసుకోవచ్చు.

మా రిగ్గర్ కుర్రాడిది పదో తరగతి అవ్వలేదు. అందుకని పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంది, అంటే పనికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని. వీసా వచ్చినా అతనికి ఆ అనుమతి, ఎమిగ్రేషన్ క్లియరెన్సు, వేరేగా కావాలి. అది ఏజెన్సీయే ఈ-మైగ్రేట్‌లో పెట్టాలి, ప్రభుత్వానికి కట్టేది 200 రూపాయలు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా తప్పనిసరి. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు ఇస్తారు, రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు. ఎత్తు మీద పనిచేసే రిగ్గర్‌కి ఇంతకన్నా చవకైన ధైర్యం దొరకదు. క్లియరెన్సుకి వేలల్లో అడిగేవాళ్లకి ఈ అంకెలు చెప్పండి. "క్లియరెన్సు గొడవ లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తాం" అనేవాళ్ల దగ్గర్నుంచి మాత్రం లేచి వచ్చేయండి. విజిట్ మీద వెళ్లేవాడికి నేను చెప్పిన కాంట్రాక్టు కౌంటరే ఉండదు, బేసిక్ ఎంతో రాసిన కాగితమూ ఉండదు.

మార్కులు అడిగితే, సెంటర్ పనితీరుకి అయిదుకి అయిదు ఇస్తాను. నా కోరిక ఒకటే. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి నుంచి ఇంతమంది గల్ఫ్‌కి వెళ్తున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఇలాంటి సెంటర్ లేదు. విశాఖపట్నంలో ఒకటి ఉంటే సంతకం పెట్టకుండా తిరిగి రావడానికి మా కుర్రాళ్లకి ఇంకాస్త ధైర్యం వస్తుంది. కూలి డబ్బులతో అంత దూరం వెళ్లినవాడికి, ఊరికే తిరిగొచ్చే ఖర్చు తలుచుకుంటేనే చెయ్యి సంతకం మీదికి పోతుంది.

ఇప్పుడు నేను ఖతార్‌లో గ్యాస్ ప్లాంట్లుండే రాస్ లఫాన్ వైపు పనిలో ఉన్నాను. ఇక్కడ జీతం బ్యాంకులోనే పడాలి, 2015 నుంచి అదే పద్ధతి. మొదటి నెల స్లిప్పు రాగానే ముందు బేసిక్ లైను చూశాను: 1,700. ఓటీ కూడా దాని మీదే లెక్క కట్టారు. నాతో ఒకే క్యాంపులో ఉండే ఇద్దరు వెల్డర్లకి బేసిక్ 1,000 అని ఉంది, పని మాత్రం నాదీ వాళ్లదీ ఒకటే. సెంటర్‌లో చదివించుకున్నారా అని అడిగితే, వెనక లైన్ ఉందని త్వరగా పెట్టేశామన్నారు.

మా పెదనాన్న కొడుక్కి ఈ మధ్యనే వీసా నంబరు వచ్చింది. ఆఫర్ లెటర్ ఫోన్‌లో కాకుండా కాగితం మీద తీసుకెళ్లమని, బేసిక్ అంకె కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకోమని, కాంట్రాక్టు మొత్తం తెలుగులో చెప్పేదాకా కుర్చీ దిగొద్దని చెప్పాను. నాన్న తోడు వెళ్తానంటున్నాడు.