కష్టమైన పరుగులో మనతో మనం మాట్లాడుకోవడం: కొన్ని సీజన్లు వాడాక నా సమీక్ష

వారంలో ఒకరోజు ట్రాక్ మీద 800 మీటర్ల రిపీట్లు (రెండు ల్యాప్‌లు వేగంగా పరిగెత్తి, కాస్త ఆగి, మళ్లీ మళ్లీ అదే చేయడం), ఇంకోరోజు టెంపో (కష్టమైనా నిలకడైన వేగంతో చాలాసేపు సాగే పరుగు). వీటికి ముందు రాత్రి నుంచే టెన్షన్ పడే రన్నర్లు చాలామందే ఉన్నారు. ఈ సమీక్ష వాళ్ల కోసం. నేను వాడుతున్నది సెల్ఫ్ టాక్. కష్టం మొదలైనప్పుడు ఏ మాట అనుకోవాలో ముందే ఖాయం చేసుకుని, సరిగ్గా ఆ చోటికి రాగానే మనసులో అనుకోవడం. నాకు ఇది బాగా పనిచేసింది. అయితే ఆ మాట ధైర్యం చెప్పేది కాకూడదు, పని చెప్పేది కావాలి.

800లో అసలు కష్టం ఎక్కడుంటుందో పరిగెత్తేవాళ్లకి తెలుసు. మొదటి ల్యాప్ ఊపులో గడిచిపోతుంది. రెండో ల్యాప్‌లో మొదటి మలుపు దాటి అవతలి స్ట్రెయిట్‌లోకి రాగానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, 'ఇక చాలు, ఆగిపోదాం' అనిపిస్తుంది. అక్కడ 'నువ్వు చేయగలవు' అనుకుంటే మనసు వెంటనే 'నా వల్ల కాదు' అంటుంది. 'భుజాలు దించు' అనుకుంటే వాదించడానికి ఏమీ ఉండదు. భుజాలు దిగుతాయి, ఊపిరి కాస్త సర్దుకుంటుంది, ఈలోగా చివరి మలుపు వచ్చేస్తుంది. అక్కడి మాట 'చేతులు ఆడించు'. అంతే, రెండే మాటలు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఆ ఆయాసంలో ఏదీ గుర్తుకు రాదు.

దీని వెనక పరిశోధన కూడా ఉంది. వ్యాయామంలో అలసట మీద పరిశోధన చేసే శామ్యూల్ మార్కోరా బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో 24 మంది సైకిల్ తొక్కారు. రెండు వారాలు సెల్ఫ్ టాక్ సాధన చేసినవాళ్లు అలసి ఆగిపోయేలోపు తొక్కిన సమయం సుమారు 18 శాతం పెరిగింది, కష్టం కూడా తక్కువగా అనిపించింది. అది సైకిల్ మీద, ల్యాబ్‌లో వచ్చిన ఫలితం. పరుగులోనూ అంతే లాభం వస్తుందని ఆశించవద్దు.

రేసులో దీని విలువ నాకు బాగా తెలిసింది హైదరాబాద్ మారథాన్‌లో. ఆగస్టు ఉక్కపోతలో ఫ్లైఓవర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. ఎక్కేటప్పుడు 'అడుగు చిన్నది చెయ్యి', దిగేటప్పుడు 'వదులుగా'. ఈ మాటలు రేసు రోజున కొత్తగా పుట్టవు. వారం వారం ట్రాక్ మీద అనుకుని అనుకుని అలవాటైతేనే అక్కడ నోటికొస్తాయి.

కెన్యా మారథాన్ రన్నర్ కిప్‌చోగే 2017లో ఇటలీలోని మోంజాలో మారథాన్ దూరాన్ని 2:00:25లో పరిగెత్తినప్పుడు మధ్యమధ్యలో నవ్వుతూ కనిపించాడు. ఆ నవ్వు కూడా ప్రయత్నించాను. టెంపోలో దవడ బిగుసుకోకుండా ఉండటానికి పనికొస్తుంది. 800లో మాత్రం నా వల్ల కాలేదు.

పేస్ (పరుగు వేగం) తప్పుగా పెట్టుకుంటే ఏ మాటా కాపాడదు. మొదటి రెండు రిపీట్లు ఆవేశంగా కొట్టేస్తే ఐదోదాంట్లో కాళ్లే లేవవు, అది మనోబలం లోపం కాదు. బుర్ర అలసిపోయినా అంతే. 2009లో మార్కోరా వాళ్లే చేసిన ఇంకో ప్రయోగంలో, 90 నిమిషాలు బుర్రని బాగా అలసగొట్టే పని చేశాక సైకిల్ తొక్కినవాళ్లు మామూలుకంటే ముందే ఆగిపోయారు. అది చదివాక ఆఫీసు అయ్యాక చేసే రిపీట్లు మానేసి తెల్లవారుజాముకి మార్చుకున్నాను. ఆ ఒక్క మార్పుతోనే సగం బరువు దిగింది.

ఒక జాగ్రత్త. ఒళ్లంతా పరుచుకునే మంట, ఆయాసం వేరు, ఒకేచోట పొడిచినట్టుండే నొప్పి వేరు. మాట మొదటిదానికే. రెండోది వస్తే ఆగిపోండి. ఎండాకాలంలో తల తిరిగినా, ఒంట్లో చలి పుట్టినా నీడకి చేరి ఒళ్లు చల్లబరుచుకోండి, మిగిలిన రిపీట్ల సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు.