కిరాణా కొట్టుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ: క్లెయిమ్ అంతా అయ్యాక రాస్తున్న రివ్యూ

రేటింగ్: పాలసీకి 4, అమ్మిన ఏజెంటుకు 1, క్లెయిమ్ చూసిన కంపెనీకి 2. కంపెనీ పేరు రాయను. ఎందుకంటే ఈ పాలసీ ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు ఒకటే. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటని చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే రకంగా అమ్మాలని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన పాలసీ ఇది.

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దె కొట్టు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు నీళ్లు వచ్చేశాయి. వారంలో వినాయక చవితి ఉందని సరుకు మామూలు కంటే ఎక్కువ దింపుకున్నాం. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తితే బియ్యం బస్తాలు ఉబ్బి పగిలి, పుల్లటి వాసన. పంచదార బస్తాలు 30 ఉండాల్సిన చోట నేలకు అతుక్కుపోయిన ఖాళీ గోతాలే ఉన్నాయి, పంచదార నీళ్లలో కరిగి వెళ్లిపోయింది. ఆ గోతాలు పారేయకుండా ఫొటోలు తీసి పక్కన పెట్టమని మా అమ్మాయి అంది, దేవుడి దయ వల్ల ఆ మాట విన్నాను.

ముందు మంచి చెప్తాను. వరద ఈ పాలసీలోనే ఉంది, విడిగా కొనక్కర్లేదు. బురద, పాడైన సరుకు ఎత్తించిన ఖర్చు కూడా క్లెయిమ్‌లో 2 శాతం దాకా ఇస్తారు. వరద వచ్చిన 7 రోజుల్లోపు, దాని వల్లే కొట్లో దొంగలు పడితే ఆ నష్టం కూడా కడతారు. మాకు ఆ అవసరం రాలేదు, కానీ మా వరుసలో ఇద్దరికి వచ్చింది. పక్క కొట్టు బాబాయ్ మాత్రం రెన్యువల్ డబ్బు 'పండక్కి కడదాంలే' అని ఆగారు. ప్రీమియం చేతికి రానిదే కంపెనీ మీద బాధ్యత మొదలవదని 1938 బీమా చట్టంలోనే ఉంది, ఆయనకు ఒక్క రూపాయి రాలేదు. ఆయన్ని చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మేం దెబ్బతిన్నది బీమా మొత్తం దగ్గర, అంటే ఎంత విలువకు బీమా చేయించామో ఆ అంకె దగ్గర. పాలసీ రాసిన రోజు ఏజెంటు, 'అక్కా, స్టాక్ ఎక్కువ చూపిస్తే ప్రీమియం పెరుగుతుంది, బ్యాంకు సీసీ లోను (సరుకు మీద ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) 8 లక్షలే కదా, దానికి సరిపోతే చాలు' అన్నాడు. నేను ఖాళీ ప్రపోజల్ ఫారం మీద సంతకం పెట్టేశాను. వరద రోజు కొట్లో సరుకు 12 లక్షలు. సర్వేయర్ గారు వచ్చి, మునిగినా సీలు పోని నూనె డబ్బాల్లాంటివి పక్కకు తీయించి, వాటికి వచ్చే ధర తీసేసి, నష్టం 9 లక్షలని లెక్క కట్టారు. 9 లక్షలూ వస్తాయనుకున్నాం. రాలేదు. 12 లక్షల సరుకుకు 8 లక్షలకే బీమా చేశారు కాబట్టి మిగతా మూడో వంతు నష్టం మీరే భరించాలి అన్నారు. అంటే 9 లక్షల నష్టానికి 6 లక్షలే. దీన్ని యావరేజ్ క్లాజ్ అంటారట. ఈ పాలసీలో తేడా 15 శాతం లోపుంటే కోత పెట్టకూడదు, అంటే మేం కనీసం 10 లక్షల 20 వేలకు తీసుకుని ఉంటే పూర్తి నష్టం వచ్చేది! అప్పుడు మిగుల్చుకున్న కాస్త ప్రీమియం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో సంగతి, వెనక వీధిలో ఇంకో గదిలో పెట్టిన 40 బియ్యం బస్తాలు పూర్తిగా పోయాయి. పాలసీలో ఆ చిరునామా లేదు. సంతకం మనది కాబట్టి ఫారంలో ఏం రాశారో, ఏం వదిలేశారో బాధ్యత కూడా మనదే. బీమా అంతా నడిచేది ఆ నమ్మకం మీదే, రిస్కు గురించి మనకు తెలిసింది మనమే చెప్పాలి. లెక్క కొన్న ధర మీదే, అమ్మే ధర మీద కాదు, పోయిన దాన్ని పూడ్చడమే తప్ప బీమా మీద లాభం ఉండదు. గోడలు, షట్టర్ ఇంటి ఓనర్ గారివి, వాటికి ఆయన పాలసీ ఆయనే చూసుకోవాలి. డబ్బు కూడా మన చేతికి కాదు, పాలసీలో బ్యాంకు పేరు ఉంటే నేరుగా సీసీ ఖాతాకు పోతుంది, ఇది తెలియక మా ఆయన వారం రోజులు పాస్‌బుక్ పట్టుకుని తిరిగారు.

ఇక కంపెనీకి 2 ఎందుకంటే, మొదట 5 లక్షల 60 వేలే ఇస్తామన్నారు. పంచదార కంటికి కనపడలేదు కాబట్టి దాని విలువ 60 వేలు నష్టంలో కలపరట, మిగిలిన 8 లక్షల 40 వేలలో మూడింట రెండు వంతులే ఇస్తారట! కరిగిపోయింది ఎలా కనపడుతుందండీ? పైగా 'పూర్తి, తుది పరిష్కారం' అని ఉన్న డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు, పెడితే తర్వాత అడగడం చాలా కష్టం. మా బిల్లులు తడిసిపోయినా హోల్‌సేలర్లు జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కించినవి ఉన్నాయి, వాటి ప్రింట్లు, గోతాల ఫొటోలు పెట్టి కంపెనీకి ఫిర్యాదు రాశాను. నెల రోజులు చూసినా జవాబు లేదు.

అప్పుడు బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాశాను, ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. రెండు రాష్ట్రాల వాళ్లకూ అదే ఆఫీసు. వీళ్లకు 5 ఇస్తాను. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, అసలు లాయర్ని ఒప్పుకోరు కూడా. సొంత పేరు మీద నడిచే కొట్లు, సూక్ష్మ వ్యాపారాలు వెళ్లొచ్చు, పరిమితి 50 లక్షలు, కంపెనీ కాదన్న ఏడాది లోపు వెళ్లాలి. విచారణ వీడియోలోనే అయింది. గల్లా పెట్టె దగ్గర కూర్చుని ఫోన్లోనే చెప్పుకున్నాను, గొంతు వణికింది కానీ అంబుడ్స్‌మన్ మేడమ్ ఓపిగ్గా విన్నారు, గోతాల ఫొటో రెండుసార్లు చూపించమన్నారు. పంచదార కలపమని ఆర్డరు వచ్చింది. యావరేజ్ కోత మాత్రం తీయలేదు, అది షరతు ప్రకారమేనన్నారు, నేనూ ఒప్పుకున్నాను. మొత్తం 6 లక్షలు, అందులోంచి పాలసీలో ఉన్న ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం) తీసేసి వేశారు.

ఈసారి కూడా ఇదే పాలసీ తీసుకున్నాం, ఏజెంటును మార్చి. బీమా మొత్తం 13 లక్షలు, వెనక గది చిరునామా కూడా చేర్పించాను, ఫారం ప్రతి గడీ నేనే నింపి జిరాక్స్ ఉంచుకున్నాను. పండగల ముందు సరుకు పెరిగితే మొత్తం పెంచమని అప్పుడే ఈమెయిల్ పెట్టి అదనపు ప్రీమియం కడుతున్నాం. ప్రతి నెలా ఒకటో తారీఖున మా అమ్మాయి కొట్టంతా వీడియో తీస్తుంది, పంచదార బస్తాలతో మొదలుపెట్టి.