బారాటాంగ్ వెళ్తున్నారా? కారు ఫెర్రీ ఎక్కుతుందో లేదో రాయించుకోండి

అండమాన్ వెళ్లాం. పోర్ట్‌బ్లెయిర్‌లో, హేవ్‌లాక్‌లో మూడు రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రోజు బారాటాంగ్ దీవి ప్రయాణం గురించే ఇదంతా.

ట్రావెల్స్ అతను కారుకి 6,500 అన్నాడు. "కారు ఫెర్రీ మీదే అవతలికి దాటుతుంది, పెద్దావిడ నడవక్కర్లేదు" అని రెండుసార్లు చెప్పాడు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆ మాట నమ్మే ఆవిణ్ణి తీసుకెళ్లాం.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో ఆగాం. అందరి వివరాలూ రాసిచ్చాక ఆరింటికి మొదటి కాన్వాయ్ వదిలారు. అక్కణ్ణించి జార్వాలనే ఆదివాసుల అడవి. బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు. అడవిలో ఈ రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. "అదృష్టం ఉంటే కనపడతారు, చూస్తూ ఉండండి" అన్నాడు డ్రైవరు. ఒళ్లు మండింది నాకు. వాళ్లింటి మీదుగా పోతూ వాళ్లనే వింతగా చూడమంటాడా! మా అబ్బాయి ఫోను తీసుకుని బ్యాగులో పడేశాను.

దాదాపు 50 కిలోమీటర్లు పోయాక మిడిల్ స్ట్రెయిట్ రేవు, బారాటాంగ్‌కి ఫెర్రీ ఎక్కేది ఇక్కడే. డ్రైవరు కారు పక్కకి పెట్టేసి దిగమన్నాడు. టూరిస్టు బండ్లు ఇక్కడే ఆగుతాయట. నిజమే, టాక్సీలన్నీ అక్కడే ఉన్నాయి. మరి ఆ సంగతి ముందే చెప్తే ఏం పోయింది? మావారు నాలుగుసార్లు ఫోను చేసినా ట్రావెల్స్ అతను ఎత్తలేదు. ఆ కోపంతో మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదాయన.

ఫెర్రీ మాత్రం ఎంత బాగుందో! మన గోదావరి పంటు లాంటిదే, ఇంకా పెద్దది. బస్సులు, లారీలు, మధ్యమధ్య మనుషులు. టికెట్ చిల్లర డబ్బులే. అత్తయ్యగారు నా భుజం పట్టుకుని మెల్లగా ఎక్కారు, నీళ్లు చూడగానే నొప్పి మాటే ఎత్తలేదు.

సున్నపురాయి గుహలకి పడవ మనిషికి 1,000. మడ చెట్ల కింద నుంచి పడవ పోతుంటే ఆ డబ్బుకి బాధ లేదు. కానీ దిగాక కిలోమీటరుకి పైగా నడక. మోకాళ్లు బాగాలేని వాళ్లు వెళ్లొద్దు. అత్తయ్యగారు, మావారు రేవులోనే ఉండిపోయారు.

మేం తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఒక బెంగాలీ హోటల్లో చేపల పులుసన్నం తింటున్నారు. ప్లేటు 150. ఆవపిండి ఘాటు ముక్కుకి ఎక్కుతోంది. మావారు మారు వడ్డించుకుని, పొద్దుటి నుంచీ మొదటిసారి నోరు విప్పారు: "ఆ ట్రావెల్స్ వాడికి మిగతా 2,000 ఇవ్వను."

ఇవ్వలేదు కూడా.